ఇంజిను గొయ్యి

ఆ రోజు నేను చేసింది తప్పని మనసులో ఒప్పుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. సాయంత్రానికే ఒప్పుకున్నాను. నోటితో ఒప్పుకోవడానికి మాత్రం ఏడాది దాటింది.

ఒక పెద్దాయన్ని కంటి ఆపరేషనుకని పలాస తీసుకెళ్ళాను. ఆయన కంటికి కట్టు ఉన్న మూడు రోజుల్లో, ఆయన ముప్పై ఏళ్ళు నడిపిన ఇంజినును, ఆయన పడుకునే గదిని లేకుండా చేయించాను. ఆపరేషను నిజమే. ఆయనకు చూపు రావాలని నేను కోరుకున్నదీ నిజమే. కాని ఆపరేషను తేదీని నేను లారీ దొరికే రోజును బట్టి ఎంచుకున్నాను.

ఆ మిల్లు మా అమ్మ పుట్టిన ఊరిది. నందిగాం దాటి కొంత దూరం పోయి రోడ్డు దిగితే, గెడ్డ ఒడ్డున, అంటే వాగు ఒడ్డున, ఒంటరిగా కనిపించేది. మా అమ్మ తండ్రి కట్టించాడు. మూరెడు మందం గోడలు, బంగళా పెంకుల కప్పు. కప్పు కింద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఇనుప షాఫ్టు, దాని మీద నుంచి కిందికి వేలాడే బెల్టులు. ఒక మూల గోతిలో దింపిన ఇంజిను. దాని చక్రం చిన్నప్పుడు నాకంటే ఎత్తు. ఇంజిను వేడెక్కకుండా గెడ్డ నీళ్ళు తోడి తొట్టిలో పోసేవారు. ఆ నీళ్ళు ఇంజినులో తిరిగి, కాగి, గోడలోని గొట్టం గుండా బయటికి పడేవి. మిల్లు ఆడుతున్నంతసేపూ ఊరి ఆడవాళ్ళు ఆ గొట్టం దగ్గర పిల్లలకు స్నానాలు చేయించేవారు. ధాన్యం బస్తా లోపల, పిల్లాడు బయట, రెండు పనులూ ఒకేసారి తెమిలిపోయేవి. మా అమ్మ నాకూ అక్కడే నీళ్ళు పోసేదట.

ఇంజిను నడిపే మనిషిని అందరూ డ్రైవరు అనేవారు. అమ్మ పుట్టిన ఊరు కాబట్టి అక్కడి మగవాళ్ళందరూ నాకు మావలే. ఆయన డ్రైవరు మావ. నన్ను అల్లుడా అని పిలిచేవాడు. ఇంజిను గోతిని ఆనుకుని గెడ్డ వైపు తలుపున్న చిన్న గది ఆయనది. భార్య పోయింది. ఒక్క కూతురు, పెళ్ళయి ఉద్దానంలో సముద్రం దగ్గరి ఊరికి వెళ్ళిపోయింది.

ఆ చుట్టుపక్కల మిల్లుల్లో ఒక పద్ధతి ఉండేది. ఇంజినును తిప్పి స్టార్టు చేసే హేండిలు మిల్లులో ఉండదు, డ్రైవరు దగ్గరే ఉంటుంది. ఊరికి వెళ్ళినా వెంట తీసుకుపోతాడు. పని మానేసే రోజున దాన్ని నూనెగుడ్డతో తుడిచి యజమాని చేతిలో పెడతాడు. పెట్టకుండా వెళ్ళిపోయాడంటే ఆ మిల్లులో అతనికి అన్యాయం జరిగిందని అర్థం. ఎవరూ ఏమీ అడగరు. ఇంకో డ్రైవరు మాత్రం అక్కడికి రాడు.

తొంభైల చివర్లో మిల్లు ఆగిపోయింది. కళ్ళాల దగ్గరికే లారీలు వచ్చి ధాన్యం ఎత్తుకుపోవడం మొదలయ్యాక, నెత్తిన బస్తా పెట్టుకుని గెడ్డ దాకా నడిచే అవసరం ఎవరికీ లేకపోయింది. మా మావయ్య, అంటే అమ్మ అన్నయ్య, తలుపులు మూసేశాడు. డ్రైవరు మావ మాత్రం గదిలోనే ఉండిపోయాడు. ఆదివారం ఆదివారం ఇంజినుకు నూనె వేసేవాడు. దసరాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఒక్కసారి స్టార్టు చేసి ఆపేవాడు. హేండిలు ఇమ్మని మావయ్యా అడగలేదు, ఆయనా ఇవ్వలేదు.

మాది పలాసలో జీడి వ్యాపారం. పిక్కలు కాల్చే పొగ మా ఇంటి పరుపుల్లో ఉండేది, పెరుగులో ఉండేది, నా భార్య జడలో ఉండేది. పప్పు ఎగుమతి చేసే ఒకాయన నాకు ఒక విదేశీ కేలండరు ఇచ్చాడు. అందులో ఒక నెల బొమ్మ ఫ్రాన్సులో ఏదో పల్లెటూరి నీటి మిల్లు. వాగు పక్కన రాతి ఇల్లు, కిటికీల్లో పూలకుండీలు, గోడ పక్కన పెద్ద చెక్క చక్రం. ఒకప్పుడు గోధుమలు పట్టిన మిల్లును ఇల్లు చేసుకున్నారట. ఆ నెల అయిపోయినా నేను కాగితం తిప్పలేదు. మాకూ మిల్లుంది, గెడ్డ ఉంది, మనకెందుకు ఉండకూడదు అలాంటి ఇల్లు అనుకున్నాను. ఆ బొమ్మలో వాళ్ళు చక్రాన్ని తీసెయ్యలేదన్న సంగతి అన్ని నెలలు చూసినా నాకు తట్టలేదు.

అడగ్గానే ఒప్పుకున్న మావయ్య, మిల్లును నా పేర రాసిచ్చే ముందు నన్ను ఇంజిను దగ్గరికి తీసుకెళ్ళాడు. డ్రైవరు మావ గోతి గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

“ఇల్లు కట్టుకో, ఏటైనా కట్టుకో, నీ ఇష్టం. ఈడున్నంతకాలం ఈడి గదీ, ఈ ఇంజినూ కదపకు. సెయ్యేసి మాటియ్యి,” అన్నాడు మావయ్య.

ఇంజిను మీద చెయ్యి వేసి మాటిచ్చాను. అరచెయ్యంతా నల్లటి నూనె. డ్రైవరు మావ నవ్వి గుడ్డముక్క అందించాడు.

“ఎంత తుడుసుకున్నా పోదు అల్లుడా. నాకు ముప్పై ఏళ్ళై పోనేదు.”

పనులు మా బావకు అప్పజెప్పాను. బావంటే నా భార్య అన్నయ్య, టెక్కలిలో కాంట్రాక్టులు చేసేవాడు. మొదటి రెండు నెలలు బాగానే నడిచాయి. దూలాల మీద వేలెడు మందాన పేరుకున్న తవుడు దుమ్ము దులిపించాం. పెంకులు కడిగించాం. ఏ గోడ బరువు మోస్తుందో, ఏ గోడ కొట్టినా ఫరవాలేదో డ్రైవరు మావ అరచేత్తో తడిమి చెప్పేవాడు. అప్పటికే ఆయనకు రెండు కళ్ళలో శుక్లాలు. కుడి కంటికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలిసేది కాదు. మేస్త్రీలు ఆయన్ని “ఇంజనీరు గారూ” అని ఆటపట్టించేవారు. “ఇంజినున్నోడే ఇంజనీరు, మీకేటుందిరా, తాపీ తప్ప?” అనేవాడు ఆయన.

ఒకరోజు బావ హాలు మధ్యలో నిలబడి ఇంజినును చూస్తూ అన్నాడు: “ఇది ఇల్లా, మ్యూజియమా బావా? సోఫా ఎక్కడేత్తావు? దాని నెత్తి మీదా?”

“మాటిచ్చాను కదా బావా.”

“మాటిచ్చావు. బానే ఉంది. ముప్పై ఏళ్ళుగా ఉన్న మనిసి. రేపాయనకేదైనా అయితే ఆయన అల్లుడొచ్చి గది మాదంటాడు. అప్పుడు నా దగ్గరకి రాకు మరి.”

నేను సోఫా పట్టే చోటు అడుగులతో కొలిచాను. కొలుస్తున్నానంటే ఆలోచిస్తున్నానని బావకు తెలుసు.

“పోనీ ఒక పని సేద్దాం. ఇంజిను పెరట్లో షెడ్డేసి అందులో పెడదాం. గది కూడా పక్కన కొత్తది కట్టిద్దాం. కాకపోతే ఆయన కళ్ళెదుట తీత్తే గొడవైపోద్ది. కంటి ఆపరేషను సేయిత్తానంటన్నావు కదా, ఆ మూడ్రోజుల్లో కానిచ్చేద్దాం.”

షెడ్డు ఎక్కడ వేస్తావని నేను అడగలేదు. పెరట్లో షెడ్డుకు చోటు లేదు. పెరడంటే గెడ్డ గట్టే. ఆ సంగతి బావకంటే నాకే బాగా తెలుసు. అడిగితే జవాబు వస్తుందని అడగలేదు.

ఆపరేషనుకు ఒప్పించడం కష్టం కాలేదు. నేను అడిగానని ఆయన ఒప్పుకున్నాడు. “సూపొచ్చిందంటే నీ గృహప్రవేశం నాడు ఇంజిను స్టార్టు సేత్తాను అల్లుడా. గొట్టం కాడ నీ పిల్లలకి తానాలు సేయిద్దువు,” అన్నాడు. జీపు ఎక్కేటప్పుడు ఆయన భుజాన గుడ్డసంచి ఉంది. రెండు పంచెలు, ఒక తువ్వాలు, హేండిలు.

ఆసుపత్రిలో నర్సమ్మ సంచి పక్కన పెట్టబోయి బరువుకు ఉలిక్కిపడింది. “ఏటి తాతా ఈ ఇనుము? డాక్టరు గారిని కొట్టడానికా?”

“ఆపరేషను బాగా సేత్తే కొట్టనమ్మా,” అన్నాడు.

వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను.

కుడి కంటికి కట్టు కట్టాక, ఆయన మంచం పక్కన స్టూలు మీద మూడు రోజులు కూర్చున్నాను. అటూ ఇటూ ఉన్న రోగులు, ఎంత మంచి అల్లుడయ్యా అన్నారు. సొంత అల్లుడు కాదని ఆయన చెబితే ఇంకా మెచ్చుకున్నారు.

“మిల్లు తాళమేసినావా?” అని అడిగేవాడు.

“ఏసినాను మావా.”

“రేపు ఆదివారం. నూనెయ్యాల. ఆ తాపీ మేస్త్రీకి సెప్పినావా?”

“సెప్పినాను.”

బత్తాయిలు కొనుక్కొచ్చి, తొక్క తీసి, గింజలు తీసి, ఒక్కో తొన ఆయన చేతిలో పెట్టేవాణ్ణి. రెండో రోజు మధ్యాహ్నం ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతుకు వెళ్ళి బావకు ఫోను చేశాను.

“అయిపోయింది బావా. హాలు సూత్తే నువ్వే నమ్మలేవు, అంత పెద్దదైంది,” అన్నాడు.

“షెడ్డులో పెట్టించావా?”

“నువ్వొచ్చాక మాటాడుకుందాం.”

ఫోను పెట్టేసి తిరిగి వచ్చాను. ఇంకో బత్తాయి వొలిచాను. ఆయన నా చెయ్యి తడిమి, మణికట్టు పట్టుకుని కాసేపు అలాగే ఉంచుకున్నాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

మూడో రోజు నల్ల కళ్ళద్దాలు పెట్టించి జీపు ఎక్కించాను. దారంతా చిన్నపిల్లాడిలా కనిపించినవన్నీ చెబుతూనే ఉన్నాడు. కొబ్బరాకు, కొంగ, ఎవరిదో ఎర్ర చీర. మిల్లు ముందు దిగి కప్పు వైపు చూశాడు. “ఆ పెంకు మీద కాకి కాళ్ళు కూడా కనిపిత్తన్నాయి అల్లుడా!” అని లోపలికి నడిచాడు.

గొయ్యి ఇసుకతో పూడ్చి చదును చేశారు. గది గోడ లేదు. ఆయన పది అడుగులు వేసి ఆగాడు. కొత్త కన్ను సరిగ్గా పని చెయ్యడం లేదనుకున్నాడేమో, అద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత కాలితో తడుముకుంటూ, కళ్ళు లేనివాడిలా, గొయ్యి ఉండాల్సిన చోటికి వెళ్ళాడు. సంచిలోంచి హేండిలు తీసి చేత్తో పట్టుకుని ఉన్నాడు.

“ఏదీ?”

“షెడ్డులో పెట్టించాను మావా,” అన్నాను.

మేస్త్రీకి విషయం తెలియదు పాపం. “షెడ్డేటి బాబూ? సమ్మెటలతో ముక్కలు సేసి లారీ ఎక్కించీసినారు కదా, పలాస పాతినుము కొట్టుకి,” అన్నాడు.

ఆయన నా వైపు చూశాడు. నేను చూపు తెప్పించిన కంటితోనే చూశాడు. ఎంతసేపు చూశాడో నాకు తెలియదు, నేను ఇసుక వైపు చూస్తున్నాను.

“నా పెట్టె ఏడున్నాది బాబూ?” అన్నాడు.

అల్లుడా అనలేదు, బాబూ అన్నాడు. మా ఊళ్ళల్లో పనివాళ్ళు ఆసాములను పిలిచే పిలుపు అది. ముప్పై ఏళ్ళలో ఆయన నన్ను ఒక్కసారి కూడా అలా పిలవలేదు.

పెట్టె బయట ఊకకుప్ప పక్కన ఉంది. ఎత్తుకున్నాడు. హేండిలు సంచిలో వేసుకున్నాడు. గుమ్మం దాటుతుంటే బావ నాతో, ఆయనకు వినబడేలాగే అన్నాడు: “ఆ హేండిలు అడుగు బావా, గోడకి తగిలిద్దాం. అందంగా ఉంటది.”

ఆయన ఆగలేదు. రోడ్డు దాకా నడిచి బస్సెక్కాడు.

ఆ సాయంత్రం బావతో గొడవపడ్డాను. షెడ్డులో పెడతానని నమ్మించి మోసం చేశావన్నాను. బావ చాలా నెమ్మదిగా అడిగాడు: “నువ్వు నమ్మినావా బావా? నిజంగా సెప్పు.”

నేను ఇంకా గట్టిగా అరిచాను. ఆ తర్వాత ఏడాది పాటు అందరికీ ఒకటే చెప్పాను, బావ నన్ను మోసం చేశాడని. మావయ్యకూ అదే చెప్పాను. అందులో సగం నిజం ఉంది. ఆ సగాన్ని అడ్డం పెట్టుకుని బతికాను. బావకు మా ఇంటికి రాకపోకలు తగ్గాయి. నా భార్య అన్నయ్యతో మాట్లాడటం మానేసింది. ఆ నష్టం కూడా నా అబద్ధం వల్లే.

గృహప్రవేశానికి ఊళ్ళో గడపగడపకూ వెళ్ళి పిలిచాను. మగవాళ్ళు కొందరు వచ్చి, తిని, వెళ్ళారు. ఆడవాళ్ళు ఒక్కరూ రాలేదు. గెడ్డలో బట్టలు ఉతుకుతున్న ఒక ముసలామెను నా భార్య అడిగితే, “హేండిలు ఇవ్వకుండా ఎల్లిపోనాడంట కదమ్మా. ఆ ఇంటికేటొత్తాం?” అని మళ్ళీ బట్ట బండకేసి కొట్టిందట.

ఇల్లు మాత్రం నిజంగా అందంగా ఉండేది. ఎత్తైన కప్పు, చల్లటి గోడలు, కిటికీ తెరిస్తే గెడ్డ చప్పుడు. టౌను నుంచి వచ్చినవాళ్ళు షాఫ్టు కింద నిలబడి ఫోటోలు దిగేవారు. అయితే అన్నం తింటుంటే ఎక్కడి నుంచో చిటికెడు తవుడు రాలేది. మొదటి వానాకాలంలోనే హాలు గచ్చు కుంగింది. సరిగ్గా గొయ్యి ఎంత ఉండేదో అంత మేర నలుచదరంగా పగులు వచ్చింది. పగుళ్ళలోంచి నల్లగా నూనె ఊరింది. సబ్బునీళ్ళు పోసి కడిగించాను. పోలేదు. దాని మీద చాప వేశాను. వారానికోసారి వచ్చి ఆ చాప పక్క నుంచి నడిచేవాణ్ణి.

రెండో వానాకాలం రాకముందే మావయ్య దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన వక్క నములుతూ విన్నాడు. “నాకెందుకు సెప్తావు? మాట నాకిచ్చినావేటి? ఆడి ముందిచ్చినావు,” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఉద్దానం వెళ్ళాను. జీడితోటలు దాటి, కొబ్బరితోటల్లోంచి ఇసుక దారిలో నడిస్తే కూతురి ఇల్లు. డ్రైవరు మావ అరుగు మీద కూర్చుని కొబ్బరిపీచు తాడు పేనుతున్నాడు. చుట్టుపక్కల నలుగురైదుగురు ఉన్నారు. కూతురు నన్ను చూసి గుమ్మంలోనే నిలబడింది.

“ఇప్పుడేటికొచ్చినారు బాబూ? హేండిలుకా?”

“కూకోమను ఆ మనిసిని,” అన్నాడు ఆయన.

కూర్చోలేదు. నిలబడే చెప్పాను. బావ మోసం చెయ్యలేదని, షెడ్డుకు చోటు లేదని నాకు ముందే తెలుసని, తేదీ లారీని బట్టి పెట్టానని, ఫోను చేశాక తెలిసి కూడా పక్కన కూర్చున్నానని. అక్కడున్నవాళ్ళందరూ విన్నారు. ఆయన తాడు పేనడం ఆపలేదు.

“ఇంజిను పాతదైపోనాది. నానూ పాతోణ్ణైపోనాను. ఎప్పుడో ఒకప్పుడు తీసీవలసిందే,” అన్నాడు చివరికి. “సెప్పుంటే నానే విప్పి ఇచ్చీవాణ్ణి, నట్టు నట్టూ. మూడు దినాలు నా పక్కన కూకోని బత్తాయిలు వొలిసి పెట్టినావు సూడు, అది నాకు అరగనేదు బాబూ.”

తిరిగొచ్చి బావ ఇంటికి వెళ్ళాను. నా భార్య ముందు అతనికి క్షమాపణ చెప్పాను. తర్వాత గచ్చు పగలగొట్టించి గొయ్యి తవ్వించాను. పలాసలో పాతినుము కొట్టుకు వెళితే ఇంజిను ఆనవాళ్ళు ఏమీ లేవు. చక్రం ఒక్కటి మిగిలింది. పోత ఇనుము, మరీ మందం, పగలక పక్కన పడేశారట. దాని చుట్టూ గడ్డి మొలిచి ఉంది. తెచ్చి గోతిలో నిలబెట్టించాను. పాత గోడ ఉన్న జాడలోనే గది కట్టించి, గెడ్డ వైపు తలుపు పెట్టించి, మావయ్య సాక్షి సంతకంతో డ్రైవరు మావ పేర రాయించాను. కాగితం పట్టుకెళ్ళి ఇస్తే తీసుకుని చూరులో దోపాడు. రాలేదు.

ఆరునెలల తర్వాత ఆపరేషను కాని ఆయన ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయిందని తెలిసింది. మళ్ళీ వెళ్ళాను. ఆపరేషను చేయిస్తాను, నాతో రమ్మన్నాను. చుట్టూ అదే మనుషులు.

“ఈపాలి ఇంజిను నేదు కదా,” అన్నాడు ఆయన. “ఏటి పట్టుకెల్తావు?”

అందరూ నవ్వారు. వాళ్ళు నవ్వి ఆపేదాకా నిలబడ్డాను. జేబులోంచి మిల్లింటి తాళాల గుత్తి తీశాను. పెద్ద తలుపుది, హాలుది, పెరటి వాకిలిది, బీరువాది, అన్నీ ఉన్నాయి. వాటికి మారు తాళాలు మా ఇంట్లో లేవు. అరుగు మీద ఉన్న గుడ్డసంచిలో, హేండిలు పక్కన వేశాను. ఆయన లేచి, సంచి భుజాన వేసుకుని, జీపు వైపు నడిచాడు.

అదే ఆసుపత్రి, అలాంటిదే స్టూలు. ఈసారి ఎస్టీడీ బూతు వైపు వెళ్ళలేదు. ఎవరికీ ఫోను చెయ్యలేదు. ఆయన నన్ను ఏమీ అడగలేదు, తాళం గురించి గాని, ఆదివారం గురించి గాని. ఒక రోజంతా అలా గడిచింది. రెండో రోజు మధ్యాహ్నం కంటికి కట్టుతోనే మంచం కింద తడిమి సంచి పైకి లాక్కున్నాడు. లోపల చెయ్యి పెట్టాడు. తాళాలు హేండిలుకు తగిలి గలగలమన్నాయి. ఒక్కొక్కటీ వేళ్ళతో పట్టి చూసి, సంచి మూతి బిగించి తలగడ పక్కన పెట్టుకున్నాడు.

“బత్తాయిలేటైనా ఉంటే ఒకటి వొలు బాబూ,” అన్నాడు.

వొలిచాను.